అచ్చం ఫొటోలా వుందండీ!

బొమ్మ బాగుందని చెప్పడానికి మన ఇళ్ళల్లో ఒకే ఒక్క మాట వుంది. "అచ్చం ఫొటోలా వుంది!" చిన్నపిల్లలు వేసినా, పెద్దవాళ్ళు వేసినా, పెన్సిలుతో వేసినా, కంప్యూటర్లో వేసినా ఇదే మాట. అదే మనం ఓ చక్కని పెళ్ళికూతుర్ని చూశామనుకోండి, ఏమంటాం? "బాపు బొమ్మలా వుంది" అంటాం. చూశారా తమాషా! మనిషి బాగుంటే బొమ్మలా వుందంటాం. బొమ్మ బాగుంటే ఫొటోలా వుందంటాం. ఈ రెండు మాటలూ ఒకే నోటి వెంట, ఒక్కోసారి ఒకే పెళ్ళిపందిట్లో విన్నాను. మొదటిది బాపుగారికి మనం ఇచ్చుకున్న బిరుదు. రెండోది మాత్రం బొమ్మలు నేర్చుకునే పిల్లల కాళ్ళకు అడ్డంపడే మాట అని నా అభియోగం.

అభియోగం మోపాను కనుక సాక్ష్యం చూపించాలి. మా మార్కాపురంలో మా వీధి చివరింటి పిల్ల ఒకతె డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంటర్లో చేరినప్పటి నుంచీ, అంటే మూడేళ్ళ పైచిలుకుగా, డిజిటల్ బొమ్మలు వేస్తోంది. అన్నీ తారీఖులతో సహా దాచుకుంది. మొన్న వేసవి సెలవుల్లో వాటిని మొదటినుంచీ వరసగా నాకు చూపించింది. నలభైకి పైనే వుంటాయి. పిల్ల పేరు చెప్పను. కథలో తప్పులెన్నితే రచయితలు ఊరుకుంటారేమో గానీ, కూతురి బొమ్మలో తప్పులెన్నితే తల్లులు ఊరుకోరు. నేనా వీధిలోనే కాపురం వుండాలి.

డిజిటల్ బొమ్మంటే కంప్యూటరే వేసేస్తుందనుకునేవాళ్ళు మనలో చాలామంది వున్నారు. కాదండీ. (మాట చెబితే తనే బొమ్మ తయారుచేసిచ్చే యంత్రాలు కూడా ఈమధ్య వచ్చాయి గానీ, అవి వేరే జాతి. వాటి సంగతి ఇప్పుడొద్దు.) ఇది చేత్తో వేసేదే. ఈ పిల్ల మొదట ఫోను అద్దం మీద వేలితో వేసింది. ఐబిస్ పెయింట్ అని జపాన్ వాళ్ళ యాప్ ఒకటి వుంది, డబ్బులివ్వక్కర్లేదు, కాకపోతే మధ్యమధ్య ప్రకటనలు భరించాలి. తర్వాత తన సంపాదనతోనే ఓ పెన్ ట్యాబ్లెట్ కొనుక్కుని, అన్నయ్య పాత కంప్యూటరుకు తగిలించుకుంది. ఇప్పుడు క్రీటా అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్లో వేస్తోంది. ఆ ట్యాబ్లెట్ మీద ఏమీ కనపడదు. నల్లటి పలక, అంతే. దానిమీద కలంతో గీస్తే గీత ఎదురుగా తెరమీద పడుతుంది. కన్ను ఒకచోట, చెయ్యి ఒకచోట. టీవీ చూస్తూ ముగ్గు పెట్టమన్నట్టు! ఆ ఒక్కటీ అలవాటు కావడానికే తనకు రెండు నెలలు పట్టిందట. కలం నొక్కితే గీత లావు, తేలిగ్గా ఆనిస్తే సన్నం. ముగ్గుపిండి జారవిడిచే వేళ్ళకు ఆ కిటుకు కొత్త కాదు.

నల్లటి పలక అన్నాను. పలకల వూళ్ళో వుంటూ ఆ మాట రాకుండా ఎలా వుంటుంది? తెలుగునాట ఎన్ని అక్షరాభ్యాసాలు మార్కాపురం పలకమీద జరిగాయో లెక్క తేలదు. నోటుపుస్తకాలు వచ్చాక గిరాకీ పడిపోయింది గానీ, పలకంటే మార్కాపురమే. ఆ రాయిలో ఓ విశేషముంది. ఉలి సరైనచోట పెట్టి తడితే పొరలు పొరలుగా వూడి వస్తుంది. డిజిటల్ బొమ్మ కూడా సరిగ్గా అంతే. అడుగున చిత్తుగీతల పొర, దానిమీద అసలు గీత, దానిమీద రంగు, ఆపైన నీడలు. ఏ పొరకాపొర ఎత్తి చూడవచ్చు, దాచవచ్చు, పారెయ్యవచ్చు. ఫొటోషాప్ 1990లో వచ్చినా ఈ పొరల సదుపాయం 1994లో గానీ అందులోకి రాలేదు. ఇప్పుడు ఫోన్లో కూడా వుంది.

పలకకూ దీనికీ తేడా ఎక్కడంటే చెరపడంలో. పలకమీద తడిగుడ్డ పెట్టి తుడిస్తే పోయింది, మళ్ళీ రాదు. ఇక్కడ ఏదీ పోదు. గీత నచ్చకపోతే 'అన్‌డూ' అని ఓ మీట వుంది, నొక్కితే గీత మాయం, అసలు గీసినట్టే వుండదు. ఓ ముక్కు గీత దగ్గర ఈ పిల్ల ఆ మీట ఎన్నిసార్లు నొక్కుతుందోనని పక్కన కూర్చుని లెక్కపెట్టాను. ఇరవయ్యొకటి దాకా లెక్కపెట్టి మానేశాను. ఇరవయ్యొకటో ముక్కు మూడో ముక్కు కంటే బాగుందా అంటే, లేదు. చెయ్యి అలిసిపోయి వుంది, అంతే తేడా.

ఇక బొమ్మల సంగతి. మొదటి పది, పన్నెండు సినిమా హీరోల ముఖాలు. ఫొటోమీద గళ్ళు గీసుకుని, గడికి గడి దించినవి. వాటి గురించి చెప్పడానికేం లేదు. అందరూ అక్కడే మొదలుపెడతారు. తర్వాత ఓ ఆర్నెల్లు జపాన్ కార్టూన్ల ధోరణిలో, పిడికిలంత కళ్ళూ చీమంత నోరూ వున్న అమ్మాయిలు. వాళ్ళమ్మకు ఇవి గిట్టేవి కావు. "దయ్యం కండ్లు" అనేది. నాకు మాత్రం హీరోల కంటే ఈ దయ్యం కళ్ళవాళ్ళే నయమనిపించారు. ఎందుకంటే వాటిలో ఆ పిల్ల మొదటిసారి జుట్టును వెంట్రుక వెంట్రుకగా కాక, ఒక ముద్దగా, ఒక బరువుగా చూడటం నేర్చుకుంది. గీత మొదలు సన్నగా, మధ్య లావుగా, చివర మళ్ళీ సన్నగా పోవడం కూడా అక్కడే వచ్చింది. గళ్ళు గీసి దించినన్నాళ్ళూ అది రాలేదు.

ఆ తర్వాతది అవ్వ బొమ్మ. దీని దగ్గర కాస్త ఆగాలి.

వీళ్ళ అవ్వ గిద్దలూరు దగ్గర పల్లెలో వుంటుంది. సెలవులకు రైల్లో వెళ్ళినప్పుడు, అవ్వ అరుగుమీద కూర్చుని చేటలో కందులు చెరుగుతుంటే చూసి, అక్కడికక్కడే ఫోన్లో మొదలుపెట్టింది. ఇంటికొచ్చి వారం రోజులు కూర్చుని పూర్తి చేసింది. చుట్టాలందరూ "అచ్చం ఫొటోలా వుంది" అన్నది ఈ బొమ్మనే. వాళ్ళ హాల్లో ఫ్రేము కట్టించి పెట్టారు.

ఐబిస్ పెయింట్లో ఓ సౌకర్యముంది. బొమ్మ వేసిన క్రమమంతా దానంతటదే రికార్డవుతుంది, తర్వాత గబగబా ఆడించి చూసుకోవచ్చు. ఇంగ్లండు చిత్రకారుడు డేవిడ్ హాక్నీ డెబ్భయ్యేళ్ళు దాటాక, 2009లో ఐఫోను మీదా ఆ మరుసటేడు ఐప్యాడ్ మీదా బొమ్మలు మొదలుపెట్టి, తను గీస్తున్న తీరు తనే తిరిగి చూసుకుని ముచ్చటపడ్డాడట. ముచ్చట మాటేమో గానీ, విమర్శ చేసేవాళ్ళకు ఇది గొప్ప వరం. బొమ్మ ఏ క్షణంలో బతికిందో, ఏ క్షణంలో చచ్చిందో వేలుపెట్టి చూపించవచ్చు.

అవ్వ బొమ్మ మొదటి అయిదు నిమిషాల్లోనే బతికింది. మెడ వెనకనుంచి నడుందాకా ఒక్క వంపు గీత. ఆ గీతలోనే ముసలితనముంది, చేట బరువుంది, ఎగరేసిన కందులు కిందికొచ్చేదాకా ఆగే ఓపిక వుంది. చేతులు సరిగా కుదరలేదు, ముఖం లేనే లేదు. అయినా ఎవరి అవ్వనైనా అందులో గుర్తుపట్టవచ్చు. ఆ తర్వాత ఏడెనిమిది గంటలు ఆ పిల్ల చేసిందంతా ఆ గీతను పూడ్చిపెట్టడమే. చర్మానికి మెత్తటి బ్రష్షుతో నున్నగా నీడలు దిద్దింది. డెబ్భయ్యేళ్ళ ఎండలో ఎండిన ముఖం సున్నం గోడలా తయారైంది. ముడతలు వేసింది, వేయలేదనను, కానీ అవి ముఖంలోంచి పుట్టినవి కావు, మీద అంటించినవి. చేట అల్లికకు ఓ తయారీ బ్రష్షుంది, ఒక్కసారి లాగితే వెదురల్లిక అచ్చుపడిపోతుంది. పడింది. కానీ చేట వంగినచోట అల్లిక వంగలేదు. చీరమీద పూలు కూడా అంతే, మడత లోపలికి పోకుండా గోడకాగితంలా పరుచుకున్నాయి. చీర మడతపెట్టే ఏ ఆడదానికైనా తెలుసుగదా, మడతలో సగం పువ్వే కనపడుతుందని! ఈ పిల్లకూ తెలుసు. చేతికి తెలుసు. కానీ ఆ ఘడియలో తను చీరను చూడటం లేదు, 'ఫొటోలా' అన్న మాటను చూస్తోంది.

ఒక్క సంగతి అడుగుతాను. చందమామలో విక్రమార్కుడి భుజంమీది బేతాళుణ్ణి ఎవరు ఫొటో తీశారండీ? శంకర్‌గారు (1924–2020) 1952లో ఆ పత్రికలో చేరి దశాబ్దాల తరబడి బొమ్మలు వేశారు. శవాన్ని భుజాన వేసుకుని, కత్తి పట్టుకుని నడిచే ఆ రాజును చూసి "నిజంగా ఇలా వుండడు" అన్న పిల్లాణ్ణి నేను చూడలేదు. వడ్డాది పాపయ్యగారి అట్టమీద బొమ్మల్లో ఆడవాళ్ళ ఒంటిరంగు ఏ కెమెరాకు అందుతుంది? ఇక బాపుగారు (1933–2014) రెండు గీతల్లో జడ, ఒక్క గీతలో నడుము వేసి మిగతాది మనకొదిలేసేవారు. ఆ మిగతాది మనమే పూర్తిచేసుకున్నాం గనుకనే పెళ్ళిపందిట్లో కనపడ్డ పిల్లకల్లా ఆయన పేరు పెడుతున్నాం. వాళ్ళంతా మగవాళ్ళు, పెద్దవాళ్ళు అంటారా? విశాఖపట్నంలో రాగతి పండరి వుండేది. చిన్నప్పుడే పోలియో వచ్చింది. జయదేవ్‌గారి కార్టూన్లు చూసి, ఆయన్నే గురువుగా భావించుకుని, బళ్ళో చదువుకునే వయసు నుంచే పత్రికలకు పంపింది. తెలుగులో మొదటి మహిళా కార్టూనిస్టుగా పేరు తెచ్చుకుని 2015లో పోయింది. ఆమె మొగుళ్ళూ పెళ్ళాలూ ఫొటోల్లా వుండరు. పక్కింటివాళ్ళలా వుంటారు.

మళ్ళీ మా పిల్ల దగ్గరికి వస్తాను. గిద్దలూరు రైలు దారిలోనే కంభం తగులుతుంది. ఓసారి అక్కడ దిగి చెరువు చూసొచ్చింది. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన ఆ చెరువు విజయనగర రాజుల నాటిది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థవారు ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో చేర్చారు కూడా. ఫోన్లో నాలుగు ఫొటోలు తీసుకొచ్చి, వాటిలోంచే రంగులు తీసుకుని చెరువు బొమ్మ వేసింది. రంగులు తీసుకోవడం అంటే, ఫొటోలో ఎక్కడ తాకితే అక్కడి రంగు కలానికి అంటుకుంటుంది, ఆ సదుపాయమొకటి వుంది. కొండలు పచ్చగా, ఆకాశం నీలంగా, నీళ్ళు ఇంకా నీలంగా వచ్చాయి. కాలెండరు మీద వేసుకోవచ్చు. ఏ రాష్ట్రం కాలెండరైనా ఫరవాలేదు!

"నువ్వు వెళ్ళింది ఏ నెల?" అన్నాను.

"ఏప్రిల్, పెద్దమ్మా."

ఏప్రిల్లో మా నల్లమల ఆ పచ్చగా వుంటుందా? ఆకురాలి, కొమ్మలు బూడిదరంగుకు తిరిగి, మధ్యమధ్య ఎర్రమట్టి కనపడుతూ వుంటుంది. ఎండకు దూరపు కొండలు రంగు వెలిసిపోతాయి. అదంతా తన కళ్ళతో చూసే వచ్చింది. అయితే ఫోను తనకు తోచినట్టు పచ్చదనం పెంచింది, ఆకాశానికి నీలిమందు వేసింది, పిల్ల ఆ మాటే నమ్మింది. ఈ ఫోన్లు మన ముఖాలకు కూడా అడక్కుండానే సున్నం కొడతాయి గదా! ఇదేం కొత్త కాదులెండి. వెనకటి స్టూడియోల్లో నెగటివ్ మీద పెన్సిలు పెట్టి మచ్చలు చెరిపేవారు, నలుపు తెలుపు ఫొటోలకు చేత్తో రంగులద్దేవారు. కాకపోతే అప్పుడది దిద్దిన ఫొటో అని అందరికీ తెలుసు. ఇప్పుడు ఫోను ఇచ్చిందే నిజమనుకుంటున్నాం. కనుక ఈ రోజుల్లో ఫొటోలా వుందంటే, చూసినదానిలా వుందని కాదు, ఫోనుకు తోచినట్టుగా వుందని.

ఇది చెబితే ఆ పిల్ల ఊరుకోలేదు. "పెద్దమ్మా, ఫొటోలాగా వేస్తేనే గదా డబ్బులిచ్చేది!" అంది. నిజమే. తను ఫొటోలు చూసి బొమ్మలు వేసిచ్చి సంపాదిస్తోంది. పెళ్ళిరోజుకు జంట బొమ్మ, పుట్టినరోజుకు పాప బొమ్మ, గృహప్రవేశానికి పోయిన తాతగారిని అందరి మధ్య నిలబెట్టిన కుటుంబం బొమ్మ. ఒక్కోదానికి మూడొందలు, అయిదొందలు. ఆ డబ్బుతోనే ట్యాబ్లెట్ కొంది, ఆ డబ్బుతోనే కాలేజీ పుస్తకాలు కూడా కొంటోంది. ఆ బేరాన్ని వెటకారం చేసే హక్కు నాకు లేదు. పోయిన తాతగారు పోలికలు తప్పితే ఎవరికి ఏడుపు రాదు? అక్కడ పోలిక కావాలి. అడిగినవాళ్ళకు అది చేసి ఇవ్వడం కూడా ఓ విద్యే. నా ఫిర్యాదల్లా, ఆ బేరానికి పనికొచ్చే కొలబద్ద పెట్టి అవ్వ బొమ్మనూ, చెరువు బొమ్మనూ కూడా కొలుస్తున్నామే, దాని గురించి.

విచిత్రమేమిటంటే, తన బొమ్మల్లోకెల్లా మంచి బొమ్మ ఈ బేరాల్లోంచే వచ్చింది.

పోయిన శీతాకాలంలో ఒకావిడ వచ్చింది. వాళ్ళమ్మ బొమ్మ కావాలంది. ఆ తల్లి పోయి చాలా ఏళ్ళయింది. ఫొటో ఏదంటే, పాత రేషన్ కార్డుమీద తపాలా బిళ్ళంత వుంది. అదీ అరిగిపోయి కళ్ళున్న చోట రెండు మచ్చలు. గళ్ళు గీసి దించడానికి వీల్లేదు, రంగు తీసుకోవడానికి వీల్లేదు. వెనక్కి పంపలేక ఈ పిల్ల ఆవిణ్ణి కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. కొప్పు ఏ పక్కకు వేసేది? పైట తలమీద కప్పుకునేదా? కూర్చుంటే ఎట్లా కూర్చునేది? ఆవిడ మాటలు చాలక, తనే నేలమీద కూర్చుని చూపించిందట. ఒక మోకాలు పైకెత్తి, దానిమీద మోచెయ్యి ఆనించి, చెంపకు చెయ్యి చేర్చి. "పొయ్యి కాడ ఇట్లా కూసోని మేం తినేది చూస్తా వుండేది" అని.

ఆ బొమ్మ నేను చూశాను. మొత్తం మూడే పొరలు. చిత్తుగీతలను చెరపకుండా అట్లాగే వుంచింది. రంగులు కూడా మూడే. పొయ్యి ఎరుపు ముఖానికి ఒక పక్కనుంచి తగిలి, రెండో పక్క చీకట్లో కలిసిపోయింది. కళ్ళు వివరంగా వేయలేదు, తెలియదు గనుక వేయలేదు. ఎత్తిన మోకాలిమీద చీర బిగిసి, కింద కుచ్చెళ్ళు నేలమీద పడ్డ తీరు చూడండి. మడతలో పువ్వు సగమే వుంది! అన్నం పెట్టి తను తినకుండా కూర్చునే ఆడదాని ఆకలీ, తృప్తీ రెండూ ఆ వంగిన మెడలో వున్నాయి. అవ్వ బొమ్మలో మొదటి అయిదు నిమిషాల్లో దొరికి జారిపోయిన గీత ఇందులో చివరిదాకా నిలిచింది. అన్‌డూ మీట మాటేమిటని అడిగాను. "ఎట్లుంటుందో తెలిస్తే గదా పెద్దమ్మా, తప్పని చెరిపేది!" అంది.

ఆవిడ ఫోన్లో ఆ బొమ్మ చూసుకుని చాలాసేపు మాట్లాడలేదట. "మాయమ్మ ఇట్లా లేదు గానీ, ఇట్లానే కూసునేది" అని మాత్రం అంది. అడిగిన డబ్బు పూర్తిగా ఇచ్చింది. ఇచ్చి, "హాల్లో పెట్టేదానికి ఫొటో లాంటిది ఇంకోటి ఏసియ్యి పాపా" అని కూడా చెప్పి వెళ్ళింది. వేసిచ్చింది. చక్కగా నున్నగా వుంది, దండ వేసి పెట్టుకున్నారు. పొయ్యి దగ్గరి బొమ్మ ఆవిడ ఫోన్లోనే వుండిపోయింది. అయితే ఫోన్ తెరిస్తే మొదట కనపడేది అదేనట.

అలాగని పిల్ల చేయి తిరిగిపోయిందని చెప్పను. పాదాలు రావు. అందుకే ఎక్కడికక్కడ కుచ్చెళ్ళలో దాచేస్తుంది. మీరు బొమ్మలన్నీ వరసగా చూస్తే నలభైమందిలో ఒక్కరికీ కాళ్ళుండవు. చేతులు కాస్త నయం గానీ బొటనవేలు ఎప్పుడూ పక్కింటినుంచి అరువు తెచ్చినట్టుంటుంది. రంగుల్లో చీకటి వేయగలదు, ఎండ వేయలేదు. మా వూరి ఎండ వేయడం ఎవరికైనా కష్టమే అనుకోండి. చెరువు బొమ్మ మళ్ళీ వేస్తానంటోంది. ఈసారి ఫొటోలు తియ్యదట. గట్టుమీద కూర్చుని, అక్కడే, అయిదు రంగులకు మించకుండా పూర్తిచేస్తుందట. ఏప్రిల్లోనే వెళ్ళమన్నాను. వాళ్ళమ్మ మాత్రం, ఎండలో పిల్ల నల్లబడుతుందని, కార్తీకమాసంలో వెళ్ళమంటోంది.